మోటారు పడవ ప్రొపెల్లర్: పాత పడవకు తగినదాని ఎంపిక

ప్రొపెల్లర్ అనేది ఇంజన్ ఇచ్చే భ్రమణ శక్తిని నీటిలో నెట్టుడు బలంగా మార్చే సాధనం. ఒక నడిమి బొడ్డుకు రెండు లేదా అంతకంటె ఎక్కువ మెలితిరిగిన రెక్కలు అమర్చి ఉంటాయి. ఇరుసు తిరిగినప్పుడు రెక్కలు నీటిని వెనక్కు తోస్తాయి, దాని ప్రతిచర్యగా పడవ ముందుకు కదులుతుంది. ఆంధ్ర, తెలంగాణ రేవుల్లో దీన్ని 'ఫ్యాను' అని కూడా వ్యవహరిస్తారు.

కొత్త పడవకు తగిన ప్రొపెల్లర్‌ను తయారీదారు నిర్ణయించి అమరుస్తాడు. పడవ పాతబడే కొద్దీ దాని బరువు, అడుగుభాగం నునుపు, ఇంజన్ శక్తి, ప్రయాణికుల సంఖ్య మారతాయి. చాలా సందర్భాల్లో ఇంజనే మారిపోతుంది. అప్పుడు మొదటి కాగితాల్లోని కొలత వర్తించదు. పడవ ప్రస్తుత స్థితిని కొలిచి, దానికి తగిన ప్రొపెల్లర్‌ను తిరిగి ఎంచుకోవాలి. ఈ వ్యాసం ఆ ఎంపిక సూత్రాలను వివరిస్తుంది. నీటి పరిస్థితులకు ఉదాహరణగా కామారెడ్డి జిల్లాలోని నిజాంసాగర్ జలాశయాన్ని తీసుకుంటుంది.

నేపథ్యం: నిజాంసాగర్ జలాశయం

గోదావరి ఉపనది మంజీరపై, ఎల్లారెడ్డికి సమీపంలో, అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల వద్ద నిజాంసాగర్ ఆనకట్ట ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1923లో నిర్మాణం మొదలై 1931లో పూర్తయింది. నిర్మాణ బాధ్యతను ప్రముఖ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ నిర్వహించారు. జలాశయం కోసం సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 1,405 అడుగులు, అంటే సుమారు 428 మీటర్లు. తొలినాటి నిల్వ సామర్థ్యం 29 టీఎంసీలకు పైగా ఉండగా, పూడిక చేరడంతో తగ్గి ఇప్పుడు సుమారు 17.8 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. ఎగువన మంజీరపైనే సింగూరు జలాశయం ఉంది. నిజాంసాగర్‌కు వచ్చే ప్రవాహం దాని విడుదలలపై కూడా ఆధారపడుతుంది.

ప్రొపెల్లర్ ఎంపికపై నేరుగా ప్రభావం చూపే లక్షణాలు ఇక్కడ నాలుగు: పూడికతో మెరక తేలిన అడుగు, ఋతువును బట్టి పెద్ద ఎత్తున మారే నీటిమట్టం, చేపల వేటకు వాడే నైలాన్ వలలు, వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండ (చూ. నీటి పరిస్థితులు).

చరిత్ర

నీటిని ఎత్తడానికి వాడే ఆర్కిమెడిస్ మరను ప్రొపెల్లర్‌కు పూర్వరూపంగా భావిస్తారు. పడవను నడపడానికి మరను వాడే పద్ధతికి ఆస్ట్రియాలో జోసెఫ్ రెసెల్ 1827లో పేటెంటు పొందాడు. 1836లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్, స్వీడన్‌కు చెందిన జాన్ ఎరిక్‌సన్ వేర్వేరుగా పేటెంట్లు తీసుకున్నారు. స్మిత్ తొలి నమూనాలో పొడవైన చెక్క మర ఉండేది. 1837 పరీక్షల్లో అది విరిగి సగం ఊడిపోగా పడవ వేగం పెరిగింది. దాంతో పొడవైన మర స్థానంలో పొట్టి రెక్కలు వచ్చాయి.

1843లో జలప్రవేశం చేసిన 'గ్రేట్ బ్రిటన్', ప్రొపెల్లర్‌తో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన తొలి పెద్ద ఇనుప నౌక. 1845లో బ్రిటిష్ నౌకాదళం ప్రొపెల్లర్ నౌక 'రాట్లర్'ను, పక్కచక్రాల నౌక 'అలెక్టో'ను వెనుకభాగాల వద్ద గొలుసుతో కట్టి లాగుడు పోటీ పెట్టింది. రాట్లర్ గెలవడంతో ప్రొపెల్లర్ ఆధిక్యం లోకానికి తెలిసింది. 1890లలో చార్ల్స్ పార్సన్స్ నిర్మించిన 'టర్బీనియా' మొదట ఆశించిన వేగాన్ని అందుకోలేకపోయింది. ప్రొపెల్లర్ అతివేగంగా తిరిగినప్పుడు రెక్కలపై ఆవిరి బుడగలు ఏర్పడటమే కారణమని తేలింది (చూ. కావిటేషన్). ఒక ఇరుసు స్థానంలో మూడు ఇరుసులు, వాటిపై మొత్తం తొమ్మిది ప్రొపెల్లర్లు అమర్చాక అది గంటకు 34 నాటికల్ మైళ్ల వేగం సాధించింది. చిన్న పడవల వెనుక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారును ఓలె ఎవిన్‌రూడ్ 1909 నుంచి పెద్దఎత్తున అమ్మకానికి తెచ్చాడు.

తెలుగు ప్రాంతంలో 1950, 1960 దశకాల్లో కోస్తా తీరాన మరపడవల చేపల వేట విస్తరించడంతో ప్రొపెల్లర్ వాడకం సాధారణమైంది. 1957లో కొచ్చిన్ కేంద్రంగా ఏర్పడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మరపడవల రూపకల్పన, ఇంధన పొదుపులపై పరిశోధన చేస్తోంది. దీనికి విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. నౌకల అడుగుభాగాలను, ప్రొపెల్లర్లను నమూనాలపై పరీక్షించే సదుపాయాలు విశాఖలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఉన్నాయి. దాన్ని 1969లో స్థాపించారు. పాపికొండల మధ్య గోదావరి, నాగార్జునకొండకు వెళ్లే నాగార్జునసాగర్ జలాశయం, హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ప్రయాణికుల లాంచీలకు ప్రధాన స్థలాలు.

కొలతలు, పరిభాష

వ్యాసం: రెక్కల కొసలు గీసే వృత్తం అడ్డుకొలత. బొడ్డు కేంద్రం నుంచి ఒక రెక్క కొస వరకు కొలిచి రెట్టింపు చేస్తే వస్తుంది.

పిచ్: ప్రొపెల్లర్ ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడు, చెక్కలో దిగే మర మేకులా జారకుండా ముందుకు సాగితే ఎంత దూరం వెళ్తుందో ఆ దూరం. ప్రొపెల్లర్‌పై '14 × 19' అని ఉంటే వ్యాసం 14 అంగుళాలు, పిచ్ 19 అంగుళాలు. మొదటి అంకె ఎప్పుడూ వ్యాసమే.

తిరిగే దిశ: ముందుకు నడిచేటప్పుడు పడవ వెనుక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగేది కుడిచేతి ప్రొపెల్లర్, ఎదురు దిశలో తిరిగేది ఎడమచేతి ప్రొపెల్లర్. ఒకే ఇంజన్ ఉన్న ఔట్‌బోర్డ్ పడవల్లో సాధారణంగా కుడిచేతిది ఉంటుంది.

రెక్కల విస్తీర్ణ నిష్పత్తి: రెక్కల మొత్తం వైశాల్యానికి, వ్యాసంతో ఏర్పడే వృత్త వైశాల్యానికి మధ్య నిష్పత్తి. బరువైన పడవలకు, కావిటేషన్ ఉన్నచోట వెడల్పు రెక్కలు కావాలి.

వాలు: రెక్క బొడ్డు నుంచి వెనక్కు ఒరిగి ఉండే కోణం. వాలు ఎక్కువైతే తేలికపాటి వేగపు పడవల్లో ముందు భాగం పైకి లేస్తుంది.

కప్పు: రెక్క వెనుక అంచును కొద్దిగా వంచడం. ఇది నీటిపై పట్టు పెంచుతుంది, ఫలితంలో పిచ్‌ను అర అంగుళం నుంచి అంగుళం వరకు పెంచినట్లవుతుంది.

గేర్ నిష్పత్తి: ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుందో తెలిపే అంకె. నిష్పత్తి 2 అయితే ఇంజన్ రెండు చుట్లకు ప్రొపెల్లర్ ఒకసారి తిరుగుతుంది.

పనిచేసే తీరు

స్లిప్: నీరు ఘనపదార్థం కాదు కాబట్టి ప్రొపెల్లర్ పిచ్ సూచించినంత దూరం పడవ సాగదు. లెక్క ప్రకారం రావలసిన వేగానికీ నిజ వేగానికీ మధ్య తేడా శాతమే స్లిప్. లెక్కవేగం, గంటకు కిలోమీటర్లలో, ఇలా వస్తుంది: ఇంజన్ నిమిషానికి చేసే చుట్లు × పిచ్ అంగుళాలు × 0.001524 ÷ గేర్ నిష్పత్తి. నీటి ఉపరితలంపై జారే తేలిక పడవల్లో 10 నుంచి 15 శాతం స్లిప్ సాధారణం. నీటిని చీల్చుకుంటూ నెమ్మదిగా సాగే బరువైన లాంచీల్లో అది 30 నుంచి 45 శాతం వరకు ఉండవచ్చు. కొంత స్లిప్ లేకపోతే నెట్టుడు బలమే ఉండదు.

శక్తి గిరాకీ: ప్రొపెల్లర్ కోరే శక్తి చుట్ల సంఖ్య ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. అందువల్ల గరిష్ఠ చుట్లలో 90 శాతం వద్ద నడిపితే సుమారు 73 శాతం శక్తే సరిపోతుంది. ఒకే ఆకారం, ఒకే చుట్ల వద్ద శక్తి గిరాకీ వ్యాసం అయిదవ ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. వ్యాసం పది శాతం పెరిగితే గిరాకీ సుమారు 61 శాతం పెరుగుతుంది. చిన్న మార్పుకే ఇంజన్ భారమయ్యేది ఇందువల్లే.

కావిటేషన్: రెక్కపై నీటి పీడనం బాగా తగ్గినప్పుడు నీరు మామూలు ఉష్ణోగ్రతలోనే ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు పగిలేటప్పుడు లోహంపై గుంటలు పడతాయి, శబ్దం, అదురు పుడతాయి. వంగిన, చెక్కుకుపోయిన అంచులున్న పాత ప్రొపెల్లర్లలో ఇది ఎక్కువ.

గాలి పీల్చుకోవడం: ఉపరితలం నుంచి గాలి రెక్కల్లోకి లాగబడితే ఇంజన్ ఒక్కసారిగా వేగంగా తిరుగుతుంది, పడవ మాత్రం వేగం అందుకోదు. దీన్ని కావిటేషన్‌గా పొరబడటం కద్దు. మోటారును మరీ ఎత్తులో బిగించడం, పదునైన మలుపులు, రెక్కల ముందు నీటిని చెదరగొట్టే అతుకులు దీనికి ముఖ్య కారణాలు.

రకాలు

లోహాన్ని బట్టి: అల్యూమినియం ప్రొపెల్లర్లు చవక, తేలిక. రాయికి తగిలితే వంగుతాయి, మరమ్మతు సులభం. స్టెయిన్‌లెస్ స్టీలు రెక్కలను పలుచగా చేయవచ్చు. అవి తక్కువ వంగుతాయి కాబట్టి వేగం కొంత ఎక్కువ ఇస్తాయి. అయితే ధర అధికం, గట్టి దెబ్బను గేర్లకు చేరవేసే అవకాశం ఉంది. మిశ్రమ ప్లాస్టిక్ ప్రొపెల్లర్లు తేలికైనవి, కొన్నింటిలో విరిగిన రెక్కను ఒక్కదాన్నే మార్చవచ్చు. లోపలి డీజిల్ ఇంజన్లున్న లాంచీలకు మాంగనీస్ కంచు, నికెల్ అల్యూమినియం కంచు వాడతారు. మాంగనీస్ కంచు నిజానికి జింకు ఎక్కువగా ఉన్న ఇత్తడి. ఉప్పునీటిలో జింకు కరిగిపోయి లోహం గుల్లబారవచ్చు.

రెక్కల సంఖ్యను బట్టి: రెండు రెక్కలవి తక్కువ శక్తి గల చిన్న మోటార్లకు, తెరచాప పడవలకు వాడతారు. మూడు రెక్కలవి సర్వసాధారణం. నాలుగు రెక్కలవి అదురు తగ్గిస్తాయి, బరువుతో బయలుదేరేటప్పుడు, నెమ్మది వేగంలో పట్టు ఎక్కువ ఇస్తాయి. మూడు రెక్కల నుంచి నాలుగుకు మారితే చుట్లు పడిపోతాయి కాబట్టి పిచ్ కొంత తగ్గించాలి.

అమరికను బట్టి: పడవ వెనుక తగిలించే ఔట్‌బోర్డ్, లోపలి ఇంజన్ నుంచి ఇరుసు బయటకు వచ్చే ఇన్‌బోర్డ్, పొడవాటి గొట్టం కొసన ప్రొపెల్లర్ ఉండే లాంగ్‌టెయిల్ అని మూడు ప్రధాన పద్ధతులు. కోస్తాలో ఫైబర్ తెప్పలకు లాంగ్‌టెయిల్ ఇంజన్లు విరివిగా వాడతారు. గొట్టాన్ని ఎత్తే వీలుండటంతో అవి మెరక నీటిలో, వలల మీదుగా సాగడానికి అనువు.

పాత పడవలో మారే అంశాలు

బరువు: ఫైబర్ పడవల పొరల మధ్య ఉండే నురుగు, చెక్క ఏళ్ల తరబడి నీరు పీల్చుకుంటాయి. తర్వాత చేర్చిన పైకప్పు, రెయిలింగు, కుర్చీలు, అదనపు బ్యాటరీలు తోడై పడవ లోతుగా కూర్చుంటుంది.

అడుగుభాగం: అతుకులు, పెచ్చులూడిన రంగు, పాచి నీటి నిరోధాన్ని పెంచుతాయి. సరిగా ఆన్చకుండా ఒడ్డున నిల్వ ఉంచిన పడవ అడుగు వంకర తిరిగితే వేగం పడిపోతుంది. ప్రొపెల్లర్ మార్చినా ఆ లోపం పోదు.

ఇంజన్: సిలిండర్ల అరుగుదల, కార్బన్, మూసుకుపోయిన ఫిల్టర్లు శక్తిని తగ్గిస్తాయి. రెండు స్ట్రోకుల ఇంజన్ తీసి నాలుగు స్ట్రోకులది అమర్చినప్పుడు గేర్ నిష్పత్తి, గరిష్ఠ చుట్ల పరిధి, ఇంజన్ బరువు మూడూ మారతాయి. హార్స్‌పవర్ సమానమైనా పాత ప్రొపెల్లర్ సరిపోతుందని చెప్పలేం.

బొడ్డులోని రబ్బరు: చాలా ఔట్‌బోర్డ్ ప్రొపెల్లర్లలో బొడ్డుకూ ఇరుసు గొట్టానికీ మధ్య రబ్బరు పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు గేర్లను కాపాడటం దాని పని. పాతబడితే అది జారుతుంది: ఇంజన్ తిరుగుతుంది, రెక్కలు వెనకబడతాయి. లోపలి గొట్టం మీదుగా బయటి బొడ్డు వరకు ఒక గీత గీసి, పడవను భారంతో నడిపి చూడాలి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు జారినట్లు.

కొలత పరికరాలు: చుట్లు చూపే మీటరు పాతబడితే తప్పు అంకెలు చూపుతుంది. ఎంపిక మొత్తం చుట్ల సంఖ్యపైనే ఆధారపడుతుంది కాబట్టి ముందుగా మరొక మీటరుతో సరిచూడాలి.

ఎంపిక విధానం

*ఉన్న ప్రొపెల్లర్‌ను గుర్తించడం.* బొడ్డుపై అంకెలు చెరిగిపోతే పిచ్‌ను కొలవవచ్చు. ప్రొపెల్లర్‌ను సమతలంపై బోర్లించి, కేంద్రం నుంచి రెక్క పొడవులో సుమారు 70 శాతం దూరాన ఒక చాపం గుర్తించాలి. ఆ చాపంపై రెక్క రెండు అంచుల ఎత్తులు కొలిచి తేడా తీయాలి. ఆ రెండు బిందువులు కేంద్రం వద్ద చేసే కోణం కూడా కొలవాలి. ఎత్తుల తేడాను 360తో గుణించి కోణంతో భాగిస్తే పిచ్ వస్తుంది. తేడా 2.5 అంగుళాలు, కోణం 60 డిగ్రీలు అయితే పిచ్ 15 అంగుళాలు. అన్ని రెక్కలనూ కొలవాలి. వాటి మధ్య తేడా ఉంటే ప్రొపెల్లర్ వంగినట్లు, దానితో చేసిన పరీక్షకు విలువ ఉండదు.

*ఇంజన్‌ను సిద్ధం చేయడం.* ట్యూనింగు, ఇంధన ఫిల్టర్లు, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోవడం సరిచూసుకోవాలి. జబ్బు చేసిన ఇంజన్‌కు తగ్గట్టు ప్రొపెల్లర్ ఎంచుకుంటే, ఇంజన్ బాగయ్యాక అది చుట్లు మించిపోతుంది.

*మోటారు ఎత్తు చూడటం.* ఔట్‌బోర్డ్ మోటార్లు 15, 20, 25 అంగుళాల పొడవుల్లో వస్తాయి. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక పడవ అడుగుతో సమంగా, లేదా అంగుళం వరకు పైన ఉండేలా బిగించాలి.

*నీటిలో పరీక్ష.* మామూలుగా ఎక్కే ప్రయాణికులు లేదా అంతకు సమానమైన ఇసుక బస్తాలు, సగానికి పైగా ఇంధనం, భద్రతా సామగ్రితో పడవను నింపాలి. లోతైన, ఖాళీ నీటిలో పూర్తి థ్రాటిల్‌తో రెండు ఎదురెదురు దిశల్లో నడిపి చుట్లు, జీపీఎస్ వేగం నమోదు చేయాలి. రెండింటి సగటు తీసుకుంటే గాలి, ప్రవాహాల ప్రభావం చాలావరకు తొలగుతుంది.

*తీర్పు.* తయారీదారు పుస్తకంలో పూర్తి థ్రాటిల్ వద్ద ఉండవలసిన చుట్ల పరిధి ఇస్తారు. పరీక్ష అంకె ఆ పరిధి కన్నా తక్కువైతే పిచ్ ఎక్కువైనట్లు, మించితే తక్కువైనట్లు. ఔట్‌బోర్డ్ మోటార్లలో అంగుళం పిచ్ తగ్గిస్తే చుట్లు సుమారు 150 నుంచి 200 పెరుగుతాయి, పెంచితే అంతే తగ్గుతాయి. పరిధిలో పై సగానికి చేరేలా ఎంచుకోవడం బరువు మోసే పడవలకు మేలు.

*లెక్క ఉదాహరణ.* పూర్తి థ్రాటిల్ పరిధి 5,000–5,500, గేర్ నిష్పత్తి 2, ఉన్న ప్రొపెల్లర్ పిచ్ 15 అనుకుందాం. నిండు బరువుతో ఇంజన్ 4,700 చుట్లే తిరిగింది, జీపీఎస్ వేగం గంటకు 45 కిలోమీటర్లు. లెక్కవేగం 4,700 × 15 × 0.001524 ÷ 2, అంటే సుమారు 53.7 కిలోమీటర్లు. స్లిప్ సుమారు 16 శాతం, అంటే మామూలుకన్నా కొంచెం ఎక్కువే కాని అసాధారణం కాదు. లోపం పిచ్‌లోనే ఉంది. అంగుళానికి 200 చుట్ల లెక్కన పిచ్ 13కు మారితే 5,100, పిచ్ 12కు మారితే 5,300 చుట్లు ఆశించవచ్చు. తరచు నిండుగా నడిచే ప్రయాణికుల పడవకు 12, ఇద్దరు ముగ్గురితో తిరిగే గస్తీ పడవకు 13 తగినవి. ఇవి తొలి అంచనాలు, కొత్త ప్రొపెల్లర్‌తో పరీక్ష మళ్లీ చేయాలి.

*తప్పు ఎంపిక ఫలితాలు.* పిచ్ ఎక్కువైతే ఇంజన్ మూలుగుతూ నడుస్తుంది. డీజిల్ ఇంజన్ నల్లపొగ వదులుతుంది. పెట్రోలు ఇంజన్‌లో కార్బన్ పేరుకుంటుంది, పిస్టన్లపై భారం పెరుగుతుంది. పిచ్ తక్కువైతే బయలుదేరడం చురుకుగా ఉంటుంది కాని చుట్లు హద్దు మీరి భాగాలు త్వరగా అరుగుతాయి, ఇంధనం వృథా అవుతుంది.

లోపలి ఇంజన్ లాంచీలు

నీటిని చీల్చుకుంటూ సాగే లాంచీల గరిష్ఠ వేగాన్ని ప్రధానంగా నీటిరేఖ పొడవు నిర్ణయిస్తుంది. అడుగుల్లో ఆ పొడవు వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వేగం నాటికల్ మైళ్లలో వస్తుంది. 36 అడుగుల నీటిరేఖ గల లాంచీకి అది సుమారు 8, అంటే గంటకు 15 కిలోమీటర్లు. ఆ పైన శక్తి పెంచినా అలలే పెరుగుతాయి, వేగం పెద్దగా పెరగదు. కాబట్టి ఇలాంటి లాంచీకి పిచ్ పెంచి వేగం రాబట్టాలని చూడటం వ్యర్థం.

ఈ పడవల్లో నెమ్మదిగా తిరిగే పెద్ద వ్యాసపు ప్రొపెల్లర్ దక్షత, వేగంగా తిరిగే చిన్నదాని దక్షత కన్నా ఎక్కువ. గేర్ నిష్పత్తిని 2 నుంచి 3కు పెంచి పెద్ద ప్రొపెల్లర్ అమర్చితే ఇంధనం ఆదా అవుతుంది. దీనికి హద్దు పడవ అడుగులోని చోటు. రెక్క కొసకూ పడవ అడుగుకూ మధ్య వ్యాసంలో కనీసం 10 నుంచి 15 శాతం ఖాళీ ఉండాలి. 20 అంగుళాల ప్రొపెల్లర్‌కు అది 2 నుంచి 3 అంగుళాలు. ఖాళీ చాలకపోతే ప్రతి రెక్క దాటినప్పుడల్లా అడుగు అదురుతుంది. ప్రొపెల్లర్ ముందు ఉండే కంబం మందంగా, మొద్దుగా ఉంటే దాన్ని చెక్కి సన్నబరచడం వల్ల కూడా నీరు రెక్కలకు నునుపుగా చేరుతుంది.

పాత లాంచీకి ప్రొపెల్లర్ కొనేముందు ఇరుసు వంకర, ఇరుసు బేరింగు అరుగుదల, ఇరుసు చివరి సన్నపు కోత కొలత సరిచూడాలి. కోత కొలతలు అన్ని తయారీలకూ ఒకటి కావు. బొడ్డు ఇరుసుపై పూర్తిగా ఆనకుండా కేవలం తాళం ముక్కపై ఆధారపడితే అది తెగి ప్రొపెల్లర్ ఊడే ప్రమాదం ఉంది.

నీటి పరిస్థితులు

ఎత్తు, వేడి: టర్బోచార్జర్ లేని ఇంజన్ సముద్రమట్టం నుంచి ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. నిజాంసాగర్ మట్టంలో అది సుమారు 4 శాతం. వేసవి వేడి మరికొంత తగ్గిస్తుంది. కాకినాడ, విశాఖ వంటి సముద్రతీరాల్లో సరిగా కుదిరిన పడవను ఇక్కడికి తెస్తే అదే ప్రొపెల్లర్‌తో చుట్లు కొంత తగ్గుతాయి. శీతాకాలంలో పరీక్షించినప్పుడు వేసవి కోసం కొంత మిగులు ఉంచుకోవాలి.

మెరక, మోడులు: వర్షాకాలం చివర నిండుగా ఉండే జలాశయం సాగుకు నీరు వదిలే కొద్దీ తగ్గుతుంది. అప్పుడు ఒండ్రు దిబ్బలు, మోడులు, రాళ్లు ఉపరితలానికి దగ్గరవుతాయి. పడవ ప్రొపెల్లర్ నీటిలో ఎంత లోతున ఉంటుందో డ్రైవరు తెలుసుకుని ఉండాలి. ఇక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు కన్నా అల్యూమినియం తగినది: దెబ్బ తగిలితే పోయేది చవకైన రెక్క, ఖరీదైన గేర్‌బాక్స్ కాదు.

పూడిక నీరు: సన్నని ఇసుక, ఒండ్రు కలిసిన నీరు రెక్కల అంచులను అరగదీస్తుంది, ఇన్‌బోర్డ్ ఇరుసు బేరింగులను తింటుంది. మెరకలో ఎక్కువ థ్రాటిల్ ఇస్తే ఇంజన్‌ను చల్లబరిచే గొట్టాల్లోకి బురద చేరుతుంది.

వలలు, కలుపు: నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనుక ఇరుసుకు చుట్టుకుని ఆయిల్ సీలును కోస్తుంది. అప్పుడు గేర్ ఆయిల్‌లో నీరు చేరి తెల్లగా పాలలా మారుతుంది. గుర్రపుడెక్క, నాచు ఎక్కువగా ఉండే చోట రెక్కల అంచులు వెనక్కు వంగి ఉండే, కలుపు జారిపోయే ప్రొపెల్లర్లు వాడతారు.

మంచినీరు: క్షయం నుంచి కాపాడే బలి లోహపు ముక్కలను నీటిని బట్టి ఎంచుకోవాలి. ఉప్పునీటిలో జింకు, మంచినీటిలో మెగ్నీషియం తగినవి. అల్యూమినియం ముక్కలు ఉప్పు, మంచి నీళ్లు కలిసే చోట్ల బాగా పనిచేస్తాయి. సముద్రం నుంచి తెచ్చిన పడవకు జింకు ముక్కలే ఉంచితే మంచినీటిలో వాటిపై పొర ఏర్పడి రక్షణ తగ్గుతుంది.

నిర్వహణ, మరమ్మతు

ఏడాదికి కనీసం ఒకసారి, వలలు ఉన్న నీటిలో ఇంకా తరచుగా, ప్రొపెల్లర్‌ను తీసి ఇరుసుకు చుట్టుకున్న దారం తొలగించాలి. ఇరుసు గాడులకు నీటికి కరగని గ్రీజు పూసి, నట్టు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. చిన్న గంట్లను ఆకురాయితో నునుపు చేయవచ్చు. వంగిన రెక్కను సుత్తితో చూపుమేర సరిచేస్తే పిచ్ తేడా మిగిలిపోతుంది. పిచ్ దిమ్మెపై కొలిచి సరిదిద్ది, తూకం సరిచూసే మరమ్మతు కేంద్రానికి పంపాలి. తూకం తప్పిన ప్రొపెల్లర్ ఇరుసు బేరింగులను, సీళ్లను త్వరగా పాడుచేస్తుంది. చాలాసార్లు అతికిన రెక్క బలహీనమవుతుంది, దాన్ని మార్చడమే మంచిది.

చుట్లు చాలని ఇంజన్‌కు రెక్కల కొసలు కోసి వ్యాసం తగ్గించే పద్ధతి కొన్ని వర్క్‌షాపుల్లో ఉంది. చుట్లు పెరుగుతాయి కాని రెక్క ఆకారం చెడి దక్షత తగ్గుతుంది. తాత్కాలిక ఉపాయంగానే దీన్ని పరిగణించాలి.

భద్రత, చట్టం

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన అంతర్గత నౌకల చట్టం 2021 ప్రకారం నదులు, జలాశయాల్లో యంత్రంతో నడిచే పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ అవసరం. ఇంజన్ శక్తి లేదా పడవ నిర్మాణం మార్చినప్పుడు ఆ వివరాలు సంబంధిత అధికారులకు తెలియజేయాలి. ప్రొపెల్లర్ మార్చడం వల్ల పడవ మోయగల బరువు పెరగదు, ఆమోదించిన ప్రయాణికుల సంఖ్య అలాగే ఉంటుంది.

ప్రొపెల్లర్‌పై పని చేసేముందు తాళం తీసి, డ్రైవరు ఒంటికి తగిలించుకునే ఇంజన్ ఆపే తాడును వేరుచేయాలి. నీటిలో మనుషులు ఉన్నప్పుడు గేరు న్యూట్రల్‌లో పెడితే చాలదు, ఇంజన్ ఆపాలి. రెక్కల చుట్టూ బిగించే రక్షణ కవచం గాయాల ముప్పు తగ్గిస్తుంది, కాని వేగాన్ని, దక్షతను కొంత తగ్గిస్తుంది. కవచం అమర్చాక చుట్ల పరీక్ష మళ్లీ చేయాలి.

ప్రాముఖ్యం

పడవ ఖర్చుల్లో ప్రొపెల్లర్ వాటా తక్కువే అయినా ఇంధన వ్యయం, ఇంజన్ ఆయుష్షు, నిండు బరువుతో అదుపు, అత్యవసరంగా వెనక్కు నడిపి ఆపగల శక్తి దానిపై ఆధారపడతాయి. పాత పడవ విషయంలో క్రమం ముఖ్యం: ముందు అడుగుభాగం, తర్వాత ఇంజన్, ఆ తర్వాతే ప్రొపెల్లర్. నిజాంసాగర్ వంటి పూడిక జలాశయంలో ఔట్‌బోర్డ్ మోటారుతో నడిచే పాత పడవకు, నిండు బరువుతో పూర్తి థ్రాటిల్ వద్ద ఇంజన్‌ను నిర్దేశిత పరిధి పై సగానికి చేర్చే మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్ సాధారణంగా తగిన ఎంపిక. అదే కొలతదాన్ని మరొకటి, దాన్ని బిగించే పానాతో, నట్టుతో, పిన్నుతో కలిపి పడవలోనే ఉంచుకోవాలి.